కాన్పు నొప్పులకు సెల్ఫ్ హిప్నాసిస్: ఏడో నెల నుంచి ఇంట్లో ఎలా సాధన చేయాలి

"అక్కా, హిప్నాసిస్ చేస్తే నొప్పి తెలీకుండా కాన్పు అవుతుందంట కదా, మాకూ నేర్పించవా?" ఏడో నెల దాటిన వాళ్లలో ఎక్కువ మంది నన్ను అడిగేది ఇదే. ఒంగోలులో కొన్నేళ్లు, తర్వాత కావలిలో కొన్నేళ్లు లేబర్ రూములో స్టాఫ్ నర్సుగా పనిచేశాను. నాకు ఇద్దరు పిల్లలు. మొదటి కాన్పు ఏ సాధనా లేకుండా జరిగింది, రెండోది ఈ సాధనతో. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేటప్పుడు ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ముందు నిజం చెప్తాను. నొప్పి తెలుస్తుంది. రెండో కాన్పులో నాకూ తెలిసింది. మొదటిసారి ఒక నొప్పి తగ్గగానే తర్వాతది ఎప్పుడొస్తుందోనని పళ్లు బిగించి, మంచం కమ్మీ పట్టుకుని ఉండిపోయాను. మధ్యలో దొరికిన ఆ మూడు నాలుగు నిమిషాలు కూడా భయానికే పోయాయి. రెండోసారి నొప్పులు అవే, కానీ మధ్యలో దొరికిన టైమంతా విశ్రాంతికి పనికొచ్చింది. భయపడితే ఒళ్లు బిగుస్తుంది, ఒళ్లు బిగిస్తే నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే భయం ఇంకా పెరుగుతుంది. గ్రాంట్లీ డిక్-రీడ్ అనే ఇంగ్లండు డాక్టరు 1930లలోనే ఈ సంగతి చెప్పాడు. మనం చేసేదల్లా ఆ గొలుసును భయం దగ్గర తెంచడం.

పరిశోధనలు ఏమంటున్నాయని కూడా అడుగుతుంటారు. 2016లో కోక్రేన్ సంస్థ 9 పరిశోధనలను, అంటే దాదాపు 3 వేల మంది గర్భిణుల వివరాలను కలిపి చూసింది. హిప్నాసిస్ నేర్చుకున్న వాళ్లలో నొప్పి మందుల వాడకం మొత్తం మీద కొంత తగ్గవచ్చని తేలింది. ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు) తీసుకోవడంలో మాత్రం తేడా కనిపించలేదు. కాబట్టి దీన్ని మందుకు బదులుగా అనుకోకండి. "గ్యారంటీగా నొప్పి లేని కాన్పు" అని వేలకు వేలు ఫీజు అడిగేవాళ్లకు డబ్బు కట్టకండి.

హిప్నాసిస్ అంటే స్పృహ తప్పడం కాదు. ఎవరో మిమ్మల్ని ఆడించడం అంతకన్నా కాదు. నెల్లూరు నుంచి ఆత్మకూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏదో ఆలోచనలో పడితే సంగం ఎప్పుడు దాటిందో తెలియదు చూడండి, ఆ స్థితే ఇది. కండక్టరు పిలిస్తే వెంటనే పలుకుతారు. ఇక్కడా అంతే, కావాలనుకున్న క్షణంలో కళ్లు తెరవొచ్చు.

ముందు డాక్టరును అడగాల్సినవాళ్లు

ఫిట్స్ ఉన్నవాళ్లు, తీవ్రమైన మానసిక సమస్యకు మందులు వాడినవాళ్లు, కళ్లు మూసుకుంటే పాత భయంకరమైన సంఘటన గుర్తొచ్చి వణికిపోయేవాళ్లు డాక్టరుతో మాట్లాడాకే మొదలుపెట్టండి. బీపీ, షుగరు, మాయ కిందికి ఉండటం లాంటివి ఉన్నవాళ్లు సాధన చేసుకోవచ్చు. కానీ మీ కాన్పు ఎక్కడ, ఎలా అనేది డాక్టరు చెప్పినట్టే జరగాలి.

కావలసినవి

- రోజుకు 20 నిమిషాలు. 28 నుంచి 32 వారాల మధ్య మొదలుపెడితే మంచిది. తొమ్మిదో నెలలో ఉన్నవాళ్లకు కింద వేరే దారి చెప్పాను.
- రెండు మూడు దిళ్లు. వెల్లకిలా పడుకోవద్దు. ఈ నెలల్లో గర్భసంచి బరువు వెనకున్న పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరుగుతాయి. ఎడమ పక్కకు తిరిగి కాళ్ల మధ్య దిండు పెట్టుకోండి, లేదంటే గోడకు ఆనుకుని కూర్చోండి.
- మాటలు రికార్డు చేసుకోవడానికి ఒక ఫోను.
- ఒక నోటుబుక్కు.
- కాన్పు రోజు మీ పక్కన ఉండే మనిషి.

ఆఖరిదాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో తోడు మనిషిని ఉంచుకోవచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. ఆ తోడు మామూలుగా ఆడమనిషి, అందులోనూ కాన్పు అనుభవం ఉన్నవాళ్లు. ఒక్కొక్కరికీ విడిగా చాటు ఉన్నచోట మాత్రమే భర్తను రానిస్తారు. నేను పదే పదే చూసిన పొరపాటు ఇదే: రెండు నెలలు మొగుడూ పెళ్లాం కలిసి సాధన చేస్తారు. తీరా ఆ రోజు ఆయన వరండాలో, లోపల అమ్మాయి పక్కన ఏమీ తెలియని వాళ్లమ్మ. మొదటి కాన్పు పుట్టింట్లోనే కదా, మీ అమ్మకు నేర్పించండి. అమ్మకు కుదరకపోతే వదినకో, పిన్నికో, అత్తకో. భర్త కూడా నేర్చుకుంటే మంచిదే. ఎవరిని లోపలికి రానిస్తారో ముందే చెకప్‌కు వెళ్లినప్పుడు అడిగి తెలుసుకోండి.

సాధన: ఒక్కో మెట్టు

1. ఊపిరి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చండి. నోటితో ఆరు నుంచి ఎనిమిది అంకెల దాకా వదలండి, వేడి పాలు ఊదుతున్నట్టు మెల్లగా. బిగపట్టొద్దు. పెదాలు, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కితే ఊపిరి మరీ వేగంగా తీస్తున్నారని అర్థం, నెమ్మది చేయండి. మొదటి మూడు రోజులు ఇదొక్కటే చేసినా చాలు.

2. ఒళ్లు వదలడం. నుదురు, కనురెప్పలు, దవడ, మెడ, భుజాలు, చేతులు, నడుము, తొడలు, పాదాలు. ఈ వరసలో ఒక్కోచోట ఊపిరి వదులుతూ "వదిలేస్తున్నా" అనుకోండి. దవడ దగ్గర ఎక్కువసేపు ఆగండి. పై పళ్లు, కింది పళ్లు తగలకూడదు, నాలుక నోట్లో వదులుగా ఉండాలి. నొప్పి వచ్చినప్పుడు ముందు బిగిసేవి దవడ, పిడికిళ్లే. అవి వదులైతే మిగతా ఒళ్లు కూడా తేలిగ్గా వదులవుతుంది.

సరిగ్గా జరిగిందో లేదో ఇలా చూడండి: తోడు మనిషి మీ మణికట్టు పట్టుకుని చెయ్యి జానెడు పైకెత్తి వదిలేయాలి. తడిబట్టలా బరువుగా పడితే సరే. చెయ్యి గాల్లో ఆగినా, మీరే సాయం చేసి ఎత్తినా ఇంకా బిగింపు ఉన్నట్టే. చాలా మంది మొదటి వారం ఇక్కడే ఆగిపోతారు. కంగారు పడకండి.

3. మెట్లు దిగడం. మీకు తెలిసిన గుడి కోనేటిని తలుచుకోండి. పది మెట్లు. పది, తొమ్మిది, ఎనిమిది అంటూ ఊపిరికి ఒక మెట్టు దిగండి. ఒక్కో మెట్టుకూ ఒళ్లు ఇంకొంచెం బరువెక్కుతుంది. నీళ్లంటే భయమున్నవాళ్లు కోనేటిని వదిలేసి డాబా మెట్లు దిగి చల్లటి గదిలోకి వెళ్తున్నట్టు అనుకోండి.

4. మీ చోటు. మెట్ల కింద మీకు హాయిగా ఉండే చోటు ఒకటి ఉండాలి. అది మీరు నిజంగా వెళ్లిన చోటు కావాలి. మైపాడు ఒడ్డున సాయంత్రం కావచ్చు, కొత్తపట్నం ఇసుక కావచ్చు, అమ్మమ్మ ఇంటి వసారా కావచ్చు. చూసేదే కాదు, వినేది, వాసన, ఒంటికి తగిలేది కూడా గుర్తు చేసుకోండి. నాదైతే మా అమ్మమ్మ వాళ్ల వరిచేను గట్టు, కోతకు ముందు వాసన. ఫోన్లో చూసిన విదేశీ మంచుకొండలు పెట్టుకున్నవాళ్లకు ఆ రోజు అవి గుర్తుకే రాలేదు.

5. మాటలు. అసలు సాధన ఇదే. ఆ చోట ఉండగా మీకు మీరు చెప్పుకునే మాటలు. దొరికే ఆడియోల్లో చాలా వరకు ఇంగ్లీషులో ఉంటాయి. కొన్ని తెలుగులో ఉన్నా పుస్తకం చదివినట్టు ఉంటాయి. నొప్పుల్లో ఉన్న మనిషికి ఇంట్లో మాట్లాడే మాట చెవికెక్కినంత త్వరగా మరేదీ ఎక్కదు. మీ గొంతుతోనో, మీ అమ్మ గొంతుతోనో రికార్డు చేయండి. ఈ కింది మాటలు తీసుకుని మీ ఇంటి యాసలోకి మార్చుకోండి:

"ఊపిరి వస్తా ఉంది, పోతా ఉంది. నా దవడ వదులుగా ఉంది. నా చేతులు వదులుగా ఉన్నాయి. నొప్పి అలలాగా లేస్తుంది, పైకి పోతుంది, దిగిపోతుంది. దిగిపోయాక నాకు విశ్రాంతి. ఒక్కో అలా బిడ్డను నా దగ్గరికి తెస్తా ఉంది. నా ఒంటికి ఈ పని తెలుసు. నా పక్కన మా అమ్మ ఉంది. ఏ మందు కావాల్సొచ్చినా, ఆపరేషన్ కావాల్సొచ్చినా నా ఊపిరి నా దగ్గరే ఉంటుంది."

ఆఖరి వాక్యం తీసేయకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. నార్మల్ కాన్పు కోసమే సాధన చేసి, ఆపరేషన్ అనగానే "ఇంతా చేసి ఓడిపోయాను" అని ఏడ్చిన తల్లులను చూశాను. మీరు ఓడిపోరు. ఆపరేషన్ బల్ల మీద, వెన్నులో మత్తు ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు కదలకుండా ఉండటానికి కూడా ఈ ఊపిరే పనికొస్తుంది.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. "నొప్పి లేదు, భయం లేదు" అని రాయకండి. ఎలాగూ నొప్పి వస్తుంది. ఆ క్షణంలో ఆ మాట అబద్ధమని తేలితే మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది. నిజమయ్యే మాటలే రాయండి.

6. చల్లటి చెయ్యి. కుడిచెయ్యి కొత్త కుండలోని నీళ్లలో మణికట్టు దాకా ముంచినట్టు ఊహించుకోండి. చల్లదనం వేళ్లకు, అరచేతికి ఎక్కుతుంది, మెల్లగా మొద్దుబారుతుంది. రొయ్యల చెరువుల దగ్గర, చేపల రేవుల్లో పనిచేసేవాళ్లకు ఐసు పెట్టెలో చెయ్యి పెట్టినట్టు అనుకోవడం తేలిక. ఆ చేతిని తీసి నడుము మీదో, పొత్తికడుపు మీదో పెట్టి, ఆ మొద్దుబారడం అక్కడికి పాకుతున్నట్టు తలుచుకోండి. అందరికీ ఇది పట్టుబడదు. రెండు వారాలు ప్రయత్నించినా రాకపోతే వదిలేయండి. మిగతావి చాలు.

7. గుర్తు. ఒళ్లు బాగా వదులైన ప్రతిసారీ బొటనవేలు, చూపుడువేలు కలపండి. అదే సమయంలో తోడు మనిషి మీ భుజం మీద చెయ్యి వేసి ఒకే మాట అనాలి: "వదిలెయ్ తల్లీ." రోజూ అదే చెయ్యి, అదే మాట, అదే గొంతు. మూడు నాలుగు వారాలకు ఆ చెయ్యి పడగానే భుజాలు వాటంతట అవే దిగుతాయి. లేబర్ రూములో పది మెట్లు దిగే తీరిక ఉండదు, ఈ గుర్తే ఆదుకుంటుంది.

8. పైకి రావడం. ఒకటి నుంచి అయిదు లెక్కపెట్టి కళ్లు తెరవండి. కాళ్లు చేతులు కదిలించి, ఒక నిమిషం కూర్చుని అప్పుడు లేవండి. గబుక్కున లేస్తే పడిపోతారు. ఈ ఆడియోను బండి నడుపుతూ, పొయ్యి దగ్గర వినకూడదు.

9. గోలలో సాధన. మొదటి రెండు వారాలు నిశ్శబ్దంగా ఉన్న గదిలో చేయండి. తర్వాత కావాలనే గోల మధ్య చేయండి. టీవీ పెట్టండి, ట్యూబ్‌లైటు వేసుకోండి, కుక్కరు విజిల్ వేస్తుండగా చేయండి, కరెంటు పోయినప్పుడు చెమటలో చేయండి. లేబర్ రూములో అగరొత్తులు, సన్నటి సంగీతం ఉండవు. పక్క బల్ల మీద ఇంకొకామె అరుస్తుంటుంది, ట్రేలు చప్పుడవుతాయి, ఎవరో ఫైలు అడుగుతారు. ఒక్కో చప్పుడుకూ "ఇది నన్ను ఇంకొంచెం లోపలికి తీసుకెళ్తుంది" అనుకోవడం అలవాటు చేసుకోండి. ఫోను లోపలికి రానివ్వకపోవచ్చు, కాబట్టి 34 వారాల తర్వాత రోజు విడిచి రోజు ఆడియో లేకుండా చేయండి.

10. నొప్పుల రిహార్సల్. 36 వారాల నుంచి వారానికి మూడుసార్లు: తోడు మనిషి గడియారం చూసి "మొదలు" అంటారు. 60 సెకన్లు మీరు ఊపిరి, గుర్తు, అల. "అయింది" అనగానే మూడు నిమిషాలు పూర్తి విశ్రాంతి. ఇలా అయిదుసార్లు. పక్కకు తిరిగి ఒకసారి, నిలబడి గోడకు ఆనుకుని ఒకసారి, కూర్చుని ఒకసారి చేయండి.

తొమ్మిదో నెలలో మొదలుపెట్టేవాళ్లకు: 1, 2, 7, 10 మాత్రం చేయండి, రోజుకు రెండుసార్లు. చల్లటి చెయ్యి, మెట్లు వదిలేయండి. అంతా సగం సగం నేర్చుకునే కన్నా దవడ, ఊపిరి, భుజం మీద చెయ్యి ఈ మూడూ గట్టిగా రావడం మేలు.

పనిచేస్తుందో లేదో తెలుసుకోవడం

నోటుబుక్కులో రోజూ రెండు అంకెలు రాయండి: సాధనకు ముందు భయం పదికి ఎంత, తర్వాత ఎంత. మూడో వారానికి తేడా కనిపించాలి. కనిపించకపోతే ఎక్కువగా కారణం మాటలు మీకు నప్పకపోవడమే. ముందు అవి మార్చి చూడండి.

వారానికి ఒకసారి ఐసు పరీక్ష. ముందు ఏ సాధనా లేకుండా ఫ్రిజ్‌లోని ఐసుముక్కను పిడికిట్లో పట్టుకుని ఎన్ని సెకన్లు ఉండగలిగారో రాయండి. పది నిమిషాల తర్వాత రెండో చేత్తో, ఊపిరి తీస్తూ, దవడ వదిలి మళ్లీ పట్టుకోండి. నిమిషం దాటనివ్వద్దు. షుగరు వల్ల వేళ్లు మొద్దుబారినవాళ్లు, చలికి వేళ్లు తెల్లబడేవాళ్లు ఈ పరీక్ష చేయవద్దు. ఎంతసేపు పట్టుకున్నారన్నది అంత ముఖ్యం కాదు, ఆ నిమిషంలో మీ ముఖం ఎలా ఉందో తోడు మనిషిని చూడమనండి. కనుబొమ్మలు ముడిపడ్డాయా, భుజాలు చెవుల దాకా లేచాయా? కాన్పు రోజు వాళ్లు కనిపెట్టి చెప్పాల్సింది ఇదే.

ఆడియో వింటూ నిద్రపోతున్నామని చాలా మంది దిగులు పడతారు. రాత్రి విన్నప్పుడు నిద్రపోతే మంచిదే. పగలు ఒకసారి మాత్రం కూర్చుని, మెలకువతో చేయండి. ఇంకొకటి, నెట్‌లో నేరుగా వినేవాళ్లకు మధ్యలో యాడ్ గట్టిగా మోగి ఉలిక్కిపడేలా చేస్తుంది. ఫోన్లో దాచుకుని, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వినండి.

కాన్పు రోజు

తొలి నొప్పులు మొదలైనప్పుడు ఇంట్లో తిరగండి, నీళ్లు తాగండి, నిద్ర వస్తే పడుకోండి. సాధననంతా అప్పుడే వాడేయకండి. మాట్లాడలేనంత నొప్పి వచ్చినప్పుడు మొదలుపెట్టండి.

మొదటి కాన్పయితే, అయిదు నిమిషాలకు ఒకసారి, నిమిషం పాటు, గంటసేపు ఆగకుండా నొప్పులు వస్తుంటే బయలుదేరాలి. ఉదయగిరి, సీతారామపురం, సి.ఎస్.పురం వైపు ఊళ్ల నుంచి పెద్దాసుపత్రికి రావాల్సినవాళ్లు అంతదాకా ఆగొద్దు. నొప్పులు క్రమంగా వస్తున్నాయని తెలియగానే బయలుదేరండి. రెండో కాన్పు వాళ్లకూ అంతే.

వీటిలో ఏది కనిపించినా సాధన ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి: ఉమ్మనీరు పోవడం (ఆకుపచ్చగా, మురికిగా ఉంటే మరీ తొందర), రక్తం పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం, విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్, జ్వరం, మధ్యలో తగ్గకుండా ఒకే బిగువున కడుపు నొప్పి, 37 వారాలకు ముందే నొప్పులు. ఇలాంటి నొప్పిని ఊపిరితో అణచుకోవద్దు. అది ఒళ్లు పంపే హెచ్చరిక.

సాధన బాగా వచ్చినవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. కందుకూరు వైపు నుంచి ఒకమ్మాయి కళ్లు మూసుకుని, మెల్లగా ఊపిరి తీస్తూ వచ్చింది. "ఈమెకు ఇంకా టైముందిలే" అని బెంచీ మీద కూర్చోబెట్టారు. చూస్తే గర్భసంచి ముఖద్వారం అప్పటికే ఎనిమిది సెంటీమీటర్లు తెరుచుకుంది, అంటే కాన్పు దగ్గరపడింది. అరిచేవాళ్ల వైపే అందరి కళ్లూ పోతాయి. అందుకే వెళ్లగానే తోడు మనిషి నోరు తెరిచి చెప్పాలి: "సిస్టర్, నొప్పులు మూడు నిమిషాలకు ఒకసారి వస్తున్నాయి. ఈమె ఊపిరి సాధన చేస్తోంది, అందుకే అరవడం లేదు. ఒకసారి చూడండమ్మా." బిడ్డ గుండె చప్పుడు వినడానికి, లోపల పరీక్ష చేయడానికి వచ్చినప్పుడు సహకరించండి. పరీక్ష సమయంలో పొడవుగా ఊపిరి వదిలితే ఇబ్బంది తగ్గుతుంది.

నొప్పులు పెంచే డ్రిప్ పెడితే అలలు దగ్గర దగ్గరగా, ఒక్కసారిగా వస్తాయి. అప్పుడు చోటు, మెట్లు మర్చిపోండి. ఊపిరి వదలడం, దవడ, భుజం మీద చెయ్యి చాలు. భరించలేకపోతే నొప్పి మందు అడగండి. అడగడం తప్పు కాదు.

ఎనిమిది సెంటీమీటర్ల తర్వాత ఒళ్లు వణుకుతుంది, వాంతి వస్తుంది, "ఇక నావల్ల కాదు, ఆపరేషన్ చేసేయండి" అంటారు. నేనూ అన్నాను. చాలా మందికి బిడ్డ రావడానికి దగ్గరపడిందనడానికి అదే గుర్తు. ఇక్కడ అమ్మలు కూడా ఏడ్చేస్తారు. తోడుగా ఉన్నవాళ్లకు నా మనవి: పెద్ద మాటలు వద్దు, "ఓర్చుకో" అనొద్దు. ముఖం దగ్గరికి వెళ్లి, "నా వైపు చూడు. ఊదు. ఊదు. వదిలెయ్ తల్లీ. దిగిపోతా ఉంది" అనండి. మీరు ఊదుతుంటే చూసి ఆమె ఊదుతుంది.

ముక్కాలనిపించే దశలో కళ్లు తెరవండి. ఇప్పుడు లోతుకు వెళ్లడం కాదు, పని చేయాలి. ఒళ్లు ముక్కమన్నప్పుడు ముక్కండి, మధ్యలో పూర్తిగా వదిలేయండి. తల బయటికి వచ్చేటప్పుడు "ముక్కొద్దు, ఊదు" అని సిస్టర్ అంటే, వేడి పాలు ఊదిన ఊపిరే అక్కడ వాడండి.

బిడ్డ పుట్టాక కుట్లు వేయాల్సొస్తే ముందు మత్తు ఇచ్చారో లేదో అడగండి. తర్వాత బిడ్డను ఛాతీ మీద పెట్టుకుని, అమ్మ చెయ్యి భుజం మీద వేయించుకుని, దవడ వదలండి. మొదటి పాలు పట్టేటప్పుడు భుజాలు బిగుసుకుంటే అప్పుడు కూడా అదే చెయ్యి, అదే మాట.